దిగుడు బావి దగ్గర హెల్త్ సారు

మా కర్నూలు జిల్లా పడమటి ఊళ్లలో పుట్టి ఇప్పుడు యాభై దాటిన వారిని ఎవరినైనా నారికురుపు గురించి అడిగి చూడండి. జవాబు చెప్పేలోపే వారి చేయి, వారికి తెలియకుండానే, చీలమండ మీదికో పిక్క మీదికో పోతుంది. అదే మాట ముప్పై ఏళ్ల వారిని అడిగితే అదేం జబ్బని ఎదురు ప్రశ్న వేస్తారు. ఈ రెండు తరాల మధ్య జరిగిన పని చిన్నది కాదు. ఆ జబ్బుకు టీకా అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. లోపలి పురుగును చంపే మాత్ర కూడా లేదు. ఆరోగ్య శాఖ మనుషులు ఊరూరికీ వచ్చి, నీళ్లను ఎలా వడగట్టుకోవాలో, కురుపు లేచిన కాలును ఎక్కడ పెట్టకూడదో ఓపికగా నేర్పడం వల్ల, ఆ వెనకే బావులు, బోరింగులు బాగుపడడం వల్ల అది పోయింది. మా ఊళ్లో ఆ చదువు ఎలా చెప్పారో నేను బడి పిల్లవాడిగా దగ్గరుండి చూశాను కాబట్టి, గుర్తున్నంత వరకు రాసి పెడుతున్నాను.

జబ్బు సంగతి తెలియని వారి కోసం ముందు ఆ నాలుగు మాటలు. మెట్లు దిగి నీళ్లు ముంచుకునే బావుల్లో సైక్లాప్స్ అనే నీటి పురుగులు ఉంటాయి. ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించవు. నారి పురుగు పిల్లలను అవి మింగితే, రెండు వారాల్లో ఆ పిల్లలు మనిషికి అంటుకోగల దశకు వస్తాయి. ఆ నీళ్లు తాగిన మనిషికి అప్పుడేమీ తెలియదు. దాదాపు ఏడాది గడిచాక, ఒంట్లో రెండు మూడు అడుగుల పొడవు పెరిగిన ఆడ పురుగు ఎక్కువగా కాలి చర్మం కిందికి చేరి బొబ్బ లేపుతుంది. నిప్పు పెట్టినట్లు మండే ఆ కాలును చల్లటి నీళ్లలో పెడితే ప్రాణం కుదుట పడుతుంది. సరిగ్గా ఆ క్షణానే బొబ్బ చితికి, పురుగు తన పిల్లలను వేల సంఖ్యలో నీళ్లలోకి వదులుతుంది. రోగి ఉపశమనం కోసం చేసే పనే రోగం ఊరంతా పాకడానికి దారి అయ్యేటట్లు దేవుడు దీన్ని ఎందుకు తయారు చేశాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా వైపు ఈ జబ్బు ఎంతగా పాతుకుపోయిందంటే, కర్నూలు వైద్య కళాశాల వారు 1960లలోనే దీని మీద పరిశోధన చేసి, ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించారు.

మా చిన్నాయనకు వరుసగా రెండేళ్లు కురుపు లేచింది. రెండోసారి అది ఎడమ చీలమండకు పైన, లోపలి వైపు వచ్చింది. మొదట చర్మం కింద పురికొస ఇరుక్కున్నట్లు సన్నటి గీత తేలింది. ఆ తర్వాత బొబ్బ, బొబ్బ చితికాక తెల్లటి దారం కొసలాంటిది బయటికి కనిపించింది. ఆ కొసను అగ్గిపుల్లకు చుట్టి, మా అవ్వ ప్రతి ఉదయం ఒక్క చుట్టు, మహా అయితే రెండు చుట్లు తిప్పేది. అంతకు మించి లాగితే తెగుతుంది. తెగితే లోపల మిగిలిన ముక్క చీము పట్టి, కాలంతా వాచి, మనిషి నెలల తరబడి మంచం దిగలేడు. చిన్నాయనకు తెగింది. ఆ ఏడు తొలకరి వానకు ఊళ్లో అందరూ గుంటక పట్టి చేలోకి పోతుంటే, ఆయన వసారాలో మంచం మీద నుంచి వాళ్లను చూస్తూ ఊరకే కసురుకునేవాడు. ఎండాకాలంలో బావి నీళ్లు అడుగంటినప్పుడు పట్టుకునే ఈ జబ్బు, మరుసటి ఏడు అదే రోజుల్లో, అంటే సరిగ్గా రైతుకు కాళ్లతో పని పడే వేళకు బయటపడుతుంది. ఊళ్లో దీన్ని ఎవరూ ఆసుపత్రి జబ్బుగా లెక్కించలేదు. కొందరు వేడి చేసిందన్నారు, కొందరు నరం చెడిందన్నారు, ఎక్కువ మంది మాత్రం ‘మా ఊరికి ఇది ఉండేదే’ అని ఊరుకున్నారు.

దేశవ్యాప్తంగా నారికురుపు నిర్మూలన కార్యక్రమం 1983-84లో మొదలైంది. ఢిల్లీలోని జాతీయ అంటువ్యాధుల సంస్థ దానికి కేంద్రం. మొదటి లెక్కల్లో ఏడు రాష్ట్రాల్లో కలిపి ఏడాదికి సుమారు 40 వేల మంది రోగులు తేలారు; ఆ ఏడింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ లెక్కలు నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నవి. అప్పట్లో మాకు తెలిసిందల్లా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ఒక హెల్త్ సారు వస్తున్నాడన్న సంగతే.

ఆయన జీపులో రాలేదు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ కాదు. 1976 నాటి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల తొందర ఇంకా పెద్దల మనసుల్లోంచి పోలేదు. టార్గెట్ల కోసం మగవాళ్లను వెతుక్కుంటూ జీపులు తిరిగిన ఆ రోజుల తర్వాత, ఆరోగ్య శాఖ జీపు చప్పుడు వినపడితే చాలు, మగవాళ్లు తుండు భుజాన వేసుకొని చేల వైపు పోయేవారు. ఎర్ర త్రికోణం బొమ్మ, ‘చిన్న కుటుంబం చింతలేని కుటుంబం’ అన్న నినాదం ఊరి గోడ మీద ఉండేవి. వాటిని చదివేవారు ఉన్నారేమో గానీ నమ్మేవారు తక్కువ. ఒక పథకంలో చేసిన బలవంతానికి మరో పథకం ఇలా మూల్యం చెల్లించవలసి వచ్చింది. ఆ సారుకు ఇదంతా తెలుసు. సైకిల్ మీద, క్యారియర్‌కు ఒక రెక్సిన్ సంచి కట్టుకొని వచ్చి, ముందుగా చావిడి కట్ట మీద కూర్చొని, వానల గురించీ బుడ్డల (వేరుశనగల) ధర గురించీ మాట్లాడి, మజ్జిగ ఇస్తే తాగి వెళ్లిపోయాడు. జబ్బు మాట ఆ రోజు ఎత్తనే లేదు.

తర్వాత వచ్చినప్పుడు తలారి చేత దండోరా వేయించి, సాయంత్రం చావిడి దగ్గర బొమ్మల చార్టు విప్పాడు. చార్టులో సైక్లాప్స్ బొమ్మ పిల్లి కూన అంత ఉంది. పెద్దాయన ఒకాయన లేచి, “సార్, ఇంత లావు పురుగు మా బాయిలో ఉంటే మా కండ్లకు అగుపడదా? మా బాయి నీళ్లు టెంకాయ నీళ్ల మాదిరుంటాయి, ఒక్కసారి తాగి చూడు” అన్నాడు. అందరూ నవ్వారు. సారు కూడా నవ్వాడు. చార్టు చుట్టి సంచిలో పెట్టేసి, పొద్దున నీళ్లకు వచ్చే వేళకు బావి దగ్గర ఉంటానని చెప్పాడు. ఆ రాత్రి ఆయన మా బడిలోనే బల్ల మీద పడుకున్నాడు.

పొద్దున ఆయన చేతిలో ఉన్నది ఒక గాజు గ్లాసు, ఒక భూతద్దం. అవి రెండే. ఆయన స్వయంగా నీళ్లు ముంచలేదు. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లలో ఒకామె బిందెలోంచి గ్లాసు నింపమన్నాడు. గ్లాసును ఎండకు ఎదురుగా పైకెత్తి, వెనకాల నల్ల గొడుగు పట్టించి, కదలకుండా కాసేపు చూడమన్నాడు. మొదట ఏమీ కనపడలేదు. చూపు కుదురుకున్నాక, ఆ టెంకాయ నీళ్లలాంటి నీళ్లలో ఉప్పు రవ్వ కంటే చిన్నవి, తెల్లటివి, ఈదుతున్నట్లు గాక ఎగిరి ఎగిరి పడుతున్నట్లు కదలడం కనిపించింది. మట్టి నలకలైతే కిందికి దిగుతాయి. ఇవి పైకి కూడా ఎగురుతున్నాయి. పిల్లలం మేము ముందు చూశాం, గోల చేశాం. ఆ తర్వాత ఆడవాళ్లు ఒక్కొక్కరే గ్లాసు అందుకొని, ఎత్తి పట్టుకొని, ఏమీ మాట్లాడకుండా పక్కవారికి ఇచ్చారు. ముందు రోజు సవాలు చేసిన పెద్దాయనకు చూపు సరిగా ఆనలేదు, ఆయన మనుమడు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెబుతుంటే “నిజమేనా ఒరే?” అని మళ్లీ మళ్లీ అడిగాడు.

ఆ తర్వాత సారు ఒక బిందె మూతికి రెండు మడతల నూలు బట్ట కట్టి, అదే నీళ్లు వంచాడు. వడగట్టిన నీళ్లను గ్లాసులో పోసి చూపితే ఎగిరేవి ఏమీ లేవు. అంతటితో ఆగి ఉంటే అది సగం పాఠమే అయ్యేది. ఆయన ఆ బట్టను విప్పి, తిరగేసి, కొంచెం శుభ్రమైన నీటితో రెండో గ్లాసులోకి జాడించాడు. పోయినవన్నీ అందులో తేలాయి. బట్టను ఒకనాడు ఇటూ మరునాడు అటూ తిప్పి కడితే నిన్న ఆపిన పురుగులు ఇవాళ బిందెలోకి దిగుతాయని నోటితో చెబితే ఎవరికీ ఎక్కదు. ఆ రెండో గ్లాసు చూశాక విడమరచి చెప్పవలసిన అవసరం లేకపోయింది. పై వైపు గుర్తుకు ఒక మూల రంగు దారం కుట్టుకోమని మా అవ్వే అక్కడ నిలబడి సలహా ఇచ్చింది. సారు ఆ మాట పట్టుకొని, తర్వాత ప్రతి ఊళ్లోనూ ఈ ఊరి అవ్వ చెప్పిందంటూ దాన్ని చెప్పేవాడట. మా అవ్వ ఆ గొప్పను చాలాకాలం చెప్పుకుంది, చెప్పుకోవలసిందే.

ఆరోగ్య విద్య అన్న మాటను నేను తర్వాత ఎన్నో కాగితాల్లో చదివాను. నాకు తెలిసినంతలో దాని కీలకం ఆ పొద్దున బావి దగ్గరే ఉంది. చెప్పేవాడు తన మాటను వినేవాడి చేతికే ఇచ్చి పరీక్షించుకోమన్నాడు, తమ నీళ్లలో తమ కళ్లతో. చార్టు ఓడిపోయిన చోట గ్లాసు గెలవడానికి కారణం అదే. అయినా చార్టు గీసినవారిని తప్పు పట్టను. కర్నూలులో కూర్చొని గీసినవారికి మా పెద్దాయన ఏమంటాడో ఎలా తెలుస్తుంది?

మందు చల్లడం దగ్గర మాత్రం పెద్ద రగడే జరిగింది. సైక్లాప్స్‌ను చంపడానికి టెమిఫాస్ అనే మందును కొలత ప్రకారం బావిలో కలుపుతారు. తాగే నీటిలో వాడదగినంత కొద్ది మోతాదే, పది లక్షల పాళ్ల నీటికి ఒక పాలు. కానీ తాగే నీళ్లలో సర్కారు మందు కలుపుతున్నారనేసరికి, అది పిల్లలు పుట్టకుండా చేసే మందేనని ఎవరో అన్నారు, ఆ మాట పూట తిరిగేసరికి ఊరంతా పాకింది. సారు వాదించలేదు. మందు కలిపిన తర్వాత అందరి ఎదుటా అదే బావి నీళ్లు ఒక చెంబుడు తాగాడు, తాగి, ఆ పూట సర్పంచ్ గారింట్లో ఆ నీళ్లతో వండిన అన్నమే తిన్నాడు. మర్నాడు కూడా ఊళ్లోనే తిరుగుతూ కనిపించాడు. ఊరికి కావలసింది ఆ రెండో రోజే.

అన్నిటికంటే కష్టమైన పాఠం కురుపు లేచినవారు బావిలో దిగకూడదన్నది. మంటతో అల్లాడే మనిషిని నీళ్లలో కాలు పెట్టవద్దనడం సులభం కాదు. పైగా ఇంట్లో నీళ్లు తెచ్చే ఆడమనిషికే కురుపు వస్తే, ఆమె దిగకపోతే ఆ పూట పొయ్యి వెలగదు. ఇక్కడ ఉపన్యాసం పనికిరాదని ఆయన గ్రహించాడు. కురుపు ఉన్న ఇల్లు ఏదో కనిపెట్టడం, కట్టు కట్టడం, ఆ ఇంటికి పక్కింటివారు రెండు బిందెలు తెచ్చి పెట్టేటట్లు ఒప్పించడం, బక్కెట్లో నీళ్లు పోసుకొని కాలు అందులో పెట్టి ఆ నీళ్లను బావికి దూరంగా నేల మీద పారబోయడం, ఇలా ప్రతి ఇంటికీ దానికి తగిన ఏర్పాటు చేశాడు. బడి పిల్లలమైన మాకు రోగుల ఇళ్లు చెప్పే పని అప్పగించాడు. ఏడాదికి రెండు మూడు సార్లు ఇంటింటి వెతుకులాట జరిగేది. తెల్ల దారం బయటికి వచ్చిన కాలు బొమ్మ ఉన్న కార్డు చూపించి ‘ఇలాంటిది మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?’ అని అడిగేవారు. అంతకు ముందు మశూచి రోజుల్లో టీకాల వారు ఇలాగే మొహం నిండా పొక్కులున్న పసివాడి బొమ్మ కార్డు పట్టుకొని తిరిగారని మా నాయన చెప్పేవాడు.

నాకు మింగుడుపడని సంగతి కూడా చెప్పాలి. ఊరి బావి వేరు, ఎస్సీ వాడ బావి వేరు. వాడ బావి చిన్నది, లోతు తక్కువ, వేసవిలో అడుగు నీళ్ల కోసం మెట్ల కిందికంటా దిగవలసిందే. కురుపులు అక్కడే ఎక్కువ. సారు గాజు గ్లాసు పట్టుకొని అక్కడికీ వెళ్లాడు, బట్ట ఎలా కట్టాలో వారికీ చూపించాడు. కానీ మొదటి బోరింగు పడింది ఊరి నడిబొడ్డున, వాడకు కాదు. బోరింగు ఎక్కడ వేయాలన్నది ఆరోగ్య శాఖ చేతిలోని పని కాదు. వాడకు బోరింగు వచ్చేసరికి చాలా ఆలస్యమైంది, అందాకా వాళ్లను కాపాడింది ఆ రెండు మడతల బట్టే. నీళ్లు మంచివి ఇవ్వలేనప్పుడు చెడ్డ నీళ్లను ఎలా తాగాలో నేర్పడం ఎంత అవసరమో, దానితోనే సరిపెట్టడం ఎంత అన్యాయమో నాకు ఆ వాడ గుర్తు వచ్చినప్పుడల్లా ఒకేసారి అనిపిస్తుంది. తర్వాత ఊరి బావికి మెట్లు మూసేసి, చుట్టూ ఒర కట్టి, గిలక బిగించారు. మెట్ల బావి చేదుడు బావి అయింది.

ఇవి కాక సరదా రోజులు కూడా ఉండేవి. జిల్లా నుంచి డెమో గారు వచ్చినప్పుడు, అంటే జిల్లా ఎక్స్‌టెన్షన్ అండ్ మీడియా ఆఫీసర్, ఆ పేరు పూర్తిగా పలికినవారు మా ఊళ్లో ఎవరూ లేరు, బడి గోడకు తెల్ల గుడ్డ కట్టి సినిమా వేసేవారు. రామారావు సినిమా అనుకొని పక్క ఊళ్ల వాళ్లు కూడా బండ్లు కట్టుకొని వచ్చి కూర్చుంటే, తెర మీద దోమ గుడ్లు పెట్టేది. అయినా ఎవరూ లేచిపోయేవారు కాదు. రీలు తెగినప్పుడు ఈలలు వేసేవారు, అతికించాక మళ్లీ దోమనే చూసేవారు. మలేరియా వారు ఇంటి గోడ మీద నెంబరు వేసి, వచ్చిన తేదీలు రాసిపోయేవారు; జ్వరమని చెబితే వేలు గుచ్చి గాజు పలక మీద నెత్తురు బొట్టు తీసుకొని, పెద్దవాళ్లకు నాలుగు క్లోరోక్విన్ మాత్రలు ఒకేసారి మింగించేవారు. దోమలు చావడానికి గోడలకు డీడీటీ కొట్టిపోయిన మర్నాడే పండగ వస్తున్నదని ఆ గోడలు అలికేసే ఇల్లాళ్లతో వారికి ఎప్పుడూ తగవే. కుష్ఠు పారామెడికల్ వర్కర్ బడికి వచ్చి, చొక్కాలు విప్పించి, మచ్చ ఉన్న చోట దూది కొసతో తాకి, కళ్లు మూసుకొని ఎక్కడ తాకానో చూపమనేవాడు. మాకు అది ఆటలా ఉండేది.

ఏ.ఎన్.ఎం. గారి గురించి రాయకపోతే ఈ జ్ఞాపకం కుంటుతుంది. విరేచనాలు పట్టిన బిడ్డకు నీళ్లే ఇవ్వకూడదన్నది అప్పటి గట్టి నమ్మకం. నీళ్లు పోస్తే ఇంకా పోతాయని భయం. లీటరు నీళ్లకు ఇంత ఉప్పు, ఇంత చక్కెర అని ఆమె చెప్పినప్పుడు, లీటరంటే ఎంత అని అడిగారు. మా ఇళ్లలో లీటరు కొలత ఎక్కడిది? ఆమె ప్రతి ఇల్లాలినీ తన ఇంటి చెంబు తెచ్చుకోమని, లీటరు నీళ్లు కొలిచి పోసి, ఏ చెంబులో ఎంత వరకు వచ్చిందో మేకుతో గీత గీసి ఇచ్చింది. కలిపాక ముందు మీరు నాలుక మీద వేసుకోండి, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి అని చెప్పేది. ఆ కొలత ఏ తల్లికి తెలియదు! గీత ఉన్న చెంబు ఒకటి మా అమ్మ దగ్గర ఇప్పటికీ ఉంది, పప్పు దినుసులు కొలవడానికి వాడుతోంది.

నేను పై చదువులకు ఊరు విడిచేనాటికి కురుపు కేసులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగేన్నికి తగ్గాయి, ఆ తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. దేశంలో చివరి కేసు 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో నమోదైంది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది. మశూచి నిర్మూలన గురించి తెలిసినంతగా దీని గురించి ఎవరికీ తెలియదు. సైకిల్ మీద తిరిగినవారి పని ఎప్పుడూ అంతే.

1995 డిసెంబరులో మొదటి పల్స్ పోలియో రోజున నేను కొత్తగా చేరిన ఉపాధ్యాయుడిని, బూత్‌లో కూర్చోబెట్టారు. చుక్కల మందు మీద మళ్లీ అవే అనుమానాలు వినిపించాయి, పిల్లలు పుట్టరన్న పుకారుతో సహా. ఏం చేయాలో నాకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది: అందరూ చూస్తుండగా ముందు మా అన్న కొడుకు నోట్లో వేయించాను. 2020లో ఫోను ఎత్తినప్పుడల్లా ముందు దగ్గు, ఆ తర్వాత హెచ్చరిక వినిపించిన రోజుల్లో, ఎదురు ప్రశ్న వేయడానికి వీల్లేని ఆ గొంతును వింటూ చావిడి కట్ట మీది మజ్జిగ గ్లాసును చాలాసార్లు తలచుకున్నాను. మాస్కు ఎలా తిప్పి కట్టుకుంటున్నారో చూసి సరిచేయడానికి ఆశా కార్యకర్తలే గడపగడపకూ తిరగవలసి వచ్చింది గదా.

ఆనాటి బొమ్మల చార్టులు, కురుపు కార్డులు, ఫ్లాష్ కార్డులు, రీళ్లు ఎక్కడ ఉన్నాయో తెలుసుకుందామని ఆ మధ్య కొంత తిరిగాను. ఒక పాత ఆరోగ్య కేంద్రంలో భవనం మార్చినప్పుడు బీరువాతో సహా పాత సామానుకు వేసేశారని చెప్పారు. చెదలు పట్టాయి, ఏం చేస్తామన్నారు. అందుకే ఈ చదువరుల్లో ఆరోగ్య శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు గానీ, వారి పిల్లలు గానీ ఉంటే ఒక మనవి: అటకల మీద, ట్రంకు పెట్టెల్లో ఇలాంటివి ఏవైనా ఉంటే దయచేసి పాత కాగితాలకు వేయవద్దు. కనీసం వాటిని వరుసగా ఫొటోలు తీసి, ఏ ఊరు, ఏ ఏడు అన్నది రాసి పెట్టండి. పిల్లి కూన అంత సైక్లాప్స్ ఉన్న ఆ చార్టు దొరికితే మరీ సంతోషం.